దిగులుపడని ఎలుకలు

కొండను తవ్వి ఎలుకను పట్టడమనే మాటను మన పెద్దలు ఎగతాళికి వాడారు గానీ, ఉత్తరాంధ్రలో ఒక ఊరి పొలిమేర మీద ఆ పనిని పద్ధతిగా, బడ్జెట్టు కేటాయింపులతో సహా చేసి చూపించారు. ముందు కొండను తవ్వారు. చదును చేసిన చోట మేడ కట్టి ‘దీర్ఘకాలిక ఒత్తిడి, మెదడు రసాయనాల అధ్యయన కేంద్రం’ అని బోర్డు తగిలించారు. ఆ తర్వాత ఎలుకలను తెప్పించారు.

ఎలుకలు ఎందుకంటే, దానికో శాస్త్రం ఉంది. మనిషికి రోజూ ఏదో ఒక చికాకు తగులుతూ ఉంటే ఒంట్లో ఒత్తిడి హార్మోను అదుపు తప్పుతుందనీ, అది నెలల తరబడి దిగిరాకపోతే మెదడులో సెరటోనిన్, డోపమైన్ లాంటి రసాయనాల పొందిక చెడుతుందనీ, చివరకు ఆ మనిషి దేనిమీదా ఆశ లేకుండా డిప్రెషన్‌లోకి జారిపోతాడనీ పరిశోధకుల అభిప్రాయం. దాన్ని నిరూపించాలంటే మనుషుల్ని ఏళ్ళ తరబడి చికాకు పెట్టాలి. ఆ పనికి ఇప్పటికే చాలా శాఖలు ఉన్నాయి కాబట్టి ఈ కేంద్రానికి ఎలుకల్ని అప్పగించారు.

ఎలుకను దిగులుపెట్టడం చూడటానికి తేలిక. కొట్టకూడదు, తిట్టకూడదు. చిన్న చిన్న చికాకులు చాలు. ఒకరోజు బోను పక్కకు వంచి ఉంచుతారు. ఒకరోజు కింద పరిచిన పొట్టు తడిపేస్తారు. ఇంకోరోజు రాత్రంతా లైటు ఆర్పరు. మరోరోజు ముక్కూ మొహం తెలియని ఇంకో ఎలుకను తెచ్చి అదే బోనులో పడేస్తారు. ఇందులో ఏదీ ప్రాణం తీసేది కాదు. కిటుకంతా ఎక్కడుందంటే, ఏది ఎప్పుడు వచ్చి నెత్తిన పడుతుందో ఎలుకకు తెలియకూడదు. అలా కొన్ని వారాలు గడిచాక బోనులో రెండు సీసాలు పెడతారు, ఒకదాంట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో పంచదార నీళ్ళు. సుఖంగా ఉన్న ఎలుక పంచదార సీసాను వదలదు. దిగులుపడిన ఎలుకకు రెండూ ఒకటే. తీపి మీద ఆశ పోయిందంటే మెదడులో ఏదో చెడిందని గుర్తు. అప్పుడు ఆ మెదడును తీసి రసాయనాలు కొలుస్తారు.

ఈ ఎలుకల మీదే దమయంతి థీసిస్ నడుస్తోంది. నడుస్తోంది అనడం మర్యాద కోసం. అయిదో ఏడు వచ్చింది, మార్చి దాటితే ఫెలోషిప్ ఆగిపోతుంది, థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఇన్నేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే. ఎలుకలు దిగులుపడితే ఆమె డాక్టరవుతుంది. అవి సంతోషంగా ఉన్నంతకాలం ఆమెకు గతి లేదు. ఇలాంటి ముడి ఏ జాతకంలోనూ రాసి ఉండదు, పరిశోధనలోనే ఉంటుంది.

సరిగ్గా అప్పుడే కేంద్రంలో జీవకారుణ్యం ప్రవేశించింది.

ఎలుకల బాగోగులు చూడటానికి ఒక సంఘం వేశారు. దానికి అధ్యక్షుడు సోమయాజులుగారు, రెవెన్యూ శాఖలో భూసేకరణ చేసి రిటైరైన పెద్దమనిషి. ఎలుకల గురించి ఆయనకేమీ తెలియదు, కాబట్టి నిష్పాక్షికంగా ఉంటారని నియమించారు. మొదటి సమావేశంలోనే ఆయన ఫైలు చదివి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

“ముందస్తు సమాచారం లేకుండా ఒక ప్రాణికి ఇబ్బంది కలిగించడం సహజ న్యాయసూత్రాలకు విరుద్ధం. ఇకమీదట ఏ ఒత్తిడి పెట్టాలన్నా ఎలుకకు నోటీసు ఇవ్వాలి.”

దమయంతి లేచి నిలబడింది. “సార్, అది ముందుగా తెలియకపోవడమే ఈ ప్రయోగమండీ. తెలిస్తే అలవాటు పడిపోతుంది, ఒత్తిడి ఉండదు.”

“అమ్మా, నేను ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించినవాణ్ణి. నోటీసు అంటించకుండా ఒక్క ఇటుక కదిలించలేదు. మనుషులకు చేసిన న్యాయం ఎలుకలకు చెయ్యకపోతే ఎలా?”

“ఎలుకలకు చదువు రాదు కదండీ.”

“ఆ ఇళ్ళవాళ్ళలో మాత్రం ఎంతమందికి వచ్చును? అంటించడం మన ధర్మం. చదువుకోవడం వాళ్ళ బాధ్యత.” ఆయనే మళ్ళీ అన్నారు. “అయినా నిరక్షరాస్యుల విషయంలో దండోరా వేయించే పద్ధతి ఉంది. అదీ చేర్చండి.”

డైరెక్టరు విరూపాక్షరావుగారు తల ఊపారు. ఆయన దేనికైనా మొదట తల ఊపి, తర్వాత అందులో తనకేం ఒరుగుతుందో చూసుకుంటారు. జీవకారుణ్యం మీద ఢిల్లీవాళ్ళు ముచ్చటపడుతున్నారని ఆయన చెవిన పడింది.

ఎలుక తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, ఎలుకల గదికి ఒక డప్పు మంజూరైంది. జంతుశాలలో పనిచేసే సన్యాసిరావు రోజూ బోన్ల ముందు నిలబడి డప్పు కొట్టి చదివేవాడు. “ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, రేపు ఉదయం పదకొండు గంటలకు మీ బోను ఎడమ పక్కకు వంచబడును. అభ్యంతరములున్నచో లిఖితపూర్వకముగా తెలియజేయవలెను.” ఎలుకలు మీసాలు కదిపేవి. ఆదివారాలూ పండగలూ ఒత్తిడికి సెలవు.

చదువు లేకపోయినా ఎలుకలకు తెలివి తక్కువేం కాదు. డప్పుకూ బోను వంగడానికీ ఉన్న సంబంధం వారం తిరక్కుండా కనిపెట్టేశాయి. సమయానికి ముందే కుడి పక్కకు పోయి వరసగా కూర్చునేవి. పొట్టు తడిపే రోజున ముందుగానే పొడి పొట్టు నోటితో మూలకు చేరవేసుకునేవి. కొత్త ఎలుక వచ్చే రోజున అతిథి కోసం చోటు చేసినట్టు సర్దుకునేవి. పొట్టలు పెరిగాయి, బొచ్చు నిగనిగలాడింది. పంచదార సీసా పెడితే అడుగు కనిపించేదాకా వదిలేవి కావు. నోటీసు ఇచ్చి, వేళకు వచ్చి, చెప్పినంత మాత్రమే చేసి వెళ్ళిపోయే కష్టానికి ఎవరు దిగులుపడతారు?

దమయంతికి మాత్రం అలాంటి వసతి లేదు. ఒక సోమవారం పొద్దున వచ్చేసరికి ఆమె బల్ల గదిలో లేదు. ఆ గదిని ‘మానసిక ఉల్లాస విభాగం’ కోసం తీసుకున్నారని, బల్ల మెట్ల కింద ఉందని తెలిసింది. మెట్ల కింద సర్దుకునేసరికి ఆ బల్లకే ఇంకో స్కాలరును కూడా వేశారు, ఆ అమ్మాయి ఎవరో ఏ ఊరో తెలియదు. హాస్టలు గది కప్పు సరిగ్గా మంచం మీద కారేది. డైరెక్టరుగారు భోజనం వేళ ఫోన్ చేసి, మూడో అధ్యాయం బాగుంది గానీ మొదటినుంచీ తిరగరాయమనేవారు. తిరగరాస్తే, పాతదే బాగుంది కదా, ఎందుకు మార్చావనేవారు. ఒకరోజు అభినందించి, మర్నాడు అదే విషయానికి అందరి ముందూ కడిగేసేవారు. ఏ ఫోను దేనికొచ్చిందో తెలియక, అది మోగితే చాలు ఆమె అరచేతులకు చెమట పట్టేది. మోగకపోయినా పట్టేది.

ఇంతలో ఢిల్లీనుంచి సమీక్షా బృందం వస్తోందని కబురొచ్చింది. విరూపాక్షరావుగారు ఎలుకల గదికి వచ్చి చూశారు. లావుగా, ప్రశాంతంగా, ఒకదాని మీద ఒకటి పడుకుని నిద్రపోతున్న ఎలుకల్ని చూసి ఆయనకు ఒళ్ళు మండింది.

“ఇదేం క్రమశిక్షణ? ఇవి దిగులుపడటానికి నియమించబడిన ఎలుకలు.”

“నోటీసులిస్తున్నాం కదండీ, దిగులుపడటం లేదు,” అంది దమయంతి.

“సంఘం నిర్ణయం శిరోధార్యం. శాస్త్రీయ ఫలితం కూడా శిరోధార్యం. రెండింటినీ సమన్వయపరచడమే నీ బాధ్యత. నెలాఖరులోగా ఎలుకలు నిరాశకు లోనుకావాలి.” ఆ సాయంత్రమే ఎలుకల్ని దిగులుపెట్టడంలో అలసత్వం వహించినందుకు సంజాయిషీ కోరుతూ ఆమెకు మెమో వచ్చింది.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ ఎలుకకు ఏ సంకటమూ లేదు. దమయంతికి కోపం వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన కోపం అది. మెట్ల కింద కూర్చుని సంఘానికి అర్జీ రాసింది. నా బల్ల మార్చడానికి, నా పడక తడవడానికి, నా అన్నం వేళ చెడగొట్టడానికి ఎవరూ నోటీసు ఇవ్వలేదు కాబట్టి, దయచేసి నన్ను కూడా ప్రయోగ జంతువుగా గుర్తించి, ఎలుకలకున్న రక్షణలు నాకూ ఇప్పించమని ప్రార్థన. ఎవరైనా చదివి సిగ్గుపడతారని రాసింది. అయిదేళ్ళుగా అక్కడుండి కూడా ఆమెకు ఆ కేంద్రం ఇంకా అర్థం కాలేదన్నమాట.

అర్జీని సోమయాజులుగారు సంఘం ముందు పెట్టి నిబంధన చదివారు. “ప్రయోగ జంతువు అనగా, సంస్థ ఆవరణలో నివసిస్తూ, సంస్థ పెట్టిన తిండి తింటూ, అనుమతి లేనిదే బయటికి పోజాలక, ప్రయోగ ఫలితం కోసం ఉంచబడిన వెన్నెముక గల ప్రాణి.” చదివి, చుట్టూ చూశారు. “నాకైతే ఎక్కడా అభ్యంతరం కనిపించడం లేదు.”

“వెన్నెముక విషయం చూసుకోవాలండీ,” అన్నారు విరూపాక్షరావుగారు. “మా స్కాలర్లకు అది ఉన్నట్టు ఇంతవరకు దాఖలా లేదు.”

“ఎక్స్‌రే తీయించండి.”

తీయించారు. వెన్నెముక ఉన్నట్టు తేలింది. డైరెక్టరుగారు కొంత ఆశ్చర్యపోయినా, ఆయన బుర్రలో అప్పటికే ఇంకో లెక్క మొదలైంది. దమయంతిని పిలిచి, జీవితంలో మొదటిసారి కుర్చీ చూపించారు.

“నువ్వు చాలా మంచి పని చేశావు. ఎలుకలు ఎలాగూ పనికిరావు. నీ మీద మాత్రం ఏళ్ళ తరబడి ఒత్తిడి పనిచేసి ఉంది, అదీ నోటీసు నిబంధన రాకముందు నుంచి. ఇంతకన్నా స్వచ్ఛమైన నమూనా ఈ దేశంలో దొరకదు. ఢిల్లీవాళ్ళ ముందు పరీక్ష చేద్దాం. ఆ ఫలితమే నీ థీసిస్. సంతకం పెట్టే పూచీ నాది.”

ఆ సంతకం కోసం ఆమె అప్పటికే ఎన్నో చేసింది. ఇదీ ఒప్పుకుంది.

ఆమెను జంతుశాల పక్క గదిలోకి మార్చారు. అక్కడ కప్పు కారదు. ఎలుకలకు పెట్టిన నియమాల ప్రకారం గాలీ వెలుతురూ చక్కగా ఉన్నాయి. అన్నం వేళకు వచ్చేది. డైరెక్టరుగారు ఫోన్ చెయ్యాలంటే ముందురోజు నోటీసు ఇవ్వాలి. సన్యాసిరావు డప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి, సిగ్గుతో నేల చూస్తూ చదివేవాడు. “శుక్రవారం నాడు తమరి మూడో అధ్యాయం బాగులేదని చెప్పబడును.” జంతువు తినేదీ పడుకునేదీ కనిపెట్టి ఉండటం కూడా నిబంధన ప్రకారం అతని పనే.

ఇన్ని సుఖాలున్నా ఆమెకు నిద్ర రాలేదు. అలవాటు తప్పిన చుట్టంలా నిద్ర ఆ గది దాకా వచ్చి వెనక్కి పోయేది.

సమీక్షా బృందం వచ్చింది. సెమినార్ హాలులో పూలదండలు, జ్యోతి ప్రజ్వలన, ఉల్లాస విభాగం వారి ప్రార్థనాగీతం అయ్యాయి. డిప్రెషన్ మీద పుస్తకాలు రాసినవాళ్ళూ, దేశదేశాల్లో దాని గురించి మాట్లాడి వచ్చినవాళ్ళూ ముందు వరసలో కూర్చున్నారు. బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టారు, ఒకటి మంచినీళ్ళు, ఒకటి పంచదార నీళ్ళు. ఎలుకకైతే ఒక పగలూ రాత్రీ ఇస్తారు గానీ, బృందానికి విమానం వేళ అవుతోందని కుదించారు.

ఏం చెప్పాలో దమయంతికి తెలుసు. రెండూ ఒకటేనని చెప్పాలి. అబద్ధం చెప్పాల్సి వస్తుందని పొద్దుటినుంచి ఆ మాటే మనసులో వల్లెవేసుకుంటోంది. మొదటి గ్లాసు తాగింది, నీళ్ళు. రెండోది తాగింది. తీపి అని నాలుకకు తెలిసింది. అంతే. తెలియడం తెలిసింది గానీ, బాగుందని ఒంట్లో ఎక్కడా ఎవరూ అనలేదు. ఇంకో గుక్క తాగి ఎదురుచూసింది. ఏమీ రాలేదు. తీపి మీద ఆశ ఎప్పుడు పోయిందో కూడా ఆమెకు గుర్తు లేదు. అబద్ధమాడటానికి సిద్ధపడి వచ్చిన మనిషి నిజమే చెప్పాల్సి వస్తే ఎంత భయమేస్తుందో ఆ హాల్లో ఆమె ఒక్కదానికే తెలిసింది.

“ఏదైనా ఒకటేనండీ,” అంది.

హాలు చప్పట్లతో మారుమోగింది. విరూపాక్షరావుగారికి కళ్ళు చెమర్చాయి. ముందు వరసలోంచి ఒక నిపుణుడు లేచి, తన అనుభవంలో ఇంత చక్కటి, ఇంత నిండైన దిగులు చూడలేదని మెచ్చుకున్నాడు. పరికరాల ధరలు, వ్యాసాలు, తదుపరి నిధులు అన్నీ మాట్లాడుకున్నారు. గ్లాసుల దగ్గర నిలబడి ఉన్న మనిషిని, నీకెలా ఉందమ్మా అని ఒక్కరూ అడగలేదు. ఆ వ్యాధి మీద అంత చదువుకున్నవాళ్ళు ఒకే గదిలో చేరడం చాలా అరుదు.

ప్రాజెక్టును మరో అయిదేళ్ళు పొడిగించారు. నమూనా మారితే ఫలితం చెడుతుంది కాబట్టి అదే జంతువును కొనసాగించాలన్నారు. రెండో దశలో ఒత్తిడి పెంచి, వెన్నులోంచి నీరు తీసి రసాయనాలు కొలుస్తారు. సోమయాజులుగారికి ఒక్కటే సందేహం మిగిలింది.

“నిబంధన ప్రకారం చివర్లో మెదడు తీసి కొలవాలి కదండీ?”

“ఆ విషయంలో స్కాలరు సహకారం కోరదాం,” అన్నారు విరూపాక్షరావుగారు.

“మరి నా థీసిస్ సార్?” అని అడిగింది దమయంతి.

“రెండో దశ పూర్తయ్యాక. సగం ప్రయోగానికి సంతకం ఎలా పెడతారమ్మా?” అన్నారు డైరెక్టరుగారు.

రెండో దశకు ముందు పశువైద్యుడి ధ్రువపత్రం కావాలని నియమం. పక్క మండలంనుంచి డాక్టర్ గంగరాజుగారు మోటారుసైకిలు మీద వచ్చారు. ఆయన పొద్దుటినుంచి గేదెలకు టీకాలు వేసి అలిసి ఉన్నారు. చూడాల్సిన జంతువు కుర్చీలో కూర్చుని ఉండటం చూసి ఒక్క క్షణం ఆగి, ప్రభుత్వోద్యోగి కాబట్టి ఏమీ అనకుండా కాగితం తీశారు. విరూపాక్షరావుగారు, సోమయాజులుగారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. అలవాటు ప్రకారం గంగరాజుగారు జంతువును కాకుండా దాన్ని చూసుకునే మనిషిని అడిగారు.

“మేత తింటోందా?”

సన్యాసిరావు ఆమెకేసి చూసి తల దించుకున్నాడు. “నేదండి. పల్లెం ముందరెట్టుకుంటాది. కలుపుతాది. మల్లీ పక్కనెట్టేత్తాది.”

“నిద్ర?”

“పడుకుంటాది గానీ కల్లు మూయదండి. గోడేపే సూత్తా ఉంటాది.”

“పిలిస్తే పలుకుతోందా?”

“రెండు మూడుసార్లు పిలవాలండి. ఇదివరకు ఎలకలతో కూడా కబుర్లాడేదండి. ఒక్కోదానికి ఒక్కో పేరెట్టింది. ఇప్పుడాటేపే సూడదు. మొన్న ఊరికినే ఏడిసిందండి. ఏటైందమ్మా అంటే, ఏటీ నేదంది.”

ఎవరో తన గురించే చెబుతుంటే విన్నట్టు దమయంతి ఒక్కో మాటా విన్నది. ఇన్నాళ్ళూ ఇది తన చేతకానితనమనుకుంది, సోమరితనమనుకుంది. పల్లెం, గోడ, ఎలుకల పేర్లు వరసగా వినేసరికి, ఇది ఒక జబ్బని, తాను ఏళ్ళ తరబడి చదివిన జబ్బేనని అప్పుడు అర్థమైంది. మొహం రెండు చేతుల్లో పెట్టుకుని బావురుమంది. గంగరాజుగారు ఆమె ఏడుపు ఆగేదాకా కలం పట్టుకుని కూర్చున్నారు.

తర్వాత రాసి, చదివి వినిపించారు. “జంతువు బాధ హద్దు దాటింది. నిబంధన ప్రకారం ఈరోజే ప్రయోగంనుంచి విడుదల చెయ్యాలి.” కాగితం ఆమె చేతికే ఇచ్చి, గొంతు తగ్గించి అన్నారు. “మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్ళమ్మా. ఇవాళే వెళ్ళు. ఇది నయమయ్యేదే.”

విరూపాక్షరావుగారి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. “అలా ఎలా కుదురుతుందండీ?”

“మా సంఘం పెట్టిన నియమమే,” అన్నారు సోమయాజులుగారు గర్వంగా. “ఎలుకైనా, ఎవరైనా.”

డైరెక్టరుగారు ఆమె వైపు తిరిగారు. “దమయంతీ, ఆలోచించుకో. విడుదలైన జంతువు డేటా చెల్లదు. నీ థీసిస్ పోతుంది. ఇన్నేళ్ళ కష్టం. ‘నాకు అభ్యంతరం లేదు, కొనసాగుతాను’ అని ఒక్క సంతకం పెట్టు, అన్నీ నేను చూసుకుంటాను.”

ఆ మాట నిజమే. గుమ్మం దాటితే డాక్టరేటు లేదు, ఆ బోర్డు కింద మళ్ళీ చోటు లేదు. ఊళ్ళో అడిగినవాళ్ళకు చెప్పడానికి ఏమీ లేదు. దమయంతికి అదంతా తెలుసు. బాధ కూడా వేసింది. ఆ బాధను ఒకసారి నిమ్మళంగా చూసుకుని లేచి నిలబడింది.

“జంతువు సంతకం చెల్లదు కదండీ,” అంది.

గేటు దగ్గర కాపలావాడు అడ్డుపడ్డాడు. స్కాలర్లు బయటికి పోవాలంటే డైరెక్టరుగారి చీటీ కావాలి. ఆమె పశువైద్యుడి కాగితం చూపించింది. అతను రెండుసార్లు చదివి, జంతువుల విషయంలో ఇది సరిపోతుందని చెప్పి గేటు తీశాడు.

రోడ్డు మీదికి వచ్చేసరికి షేర్ ఆటో ఒకటి ఆగింది. లోపల చేపల గంపతో ఒకామె, స్కూలు టీచరు ఒకాయన, ఒళ్ళో పాపతో ఇంకొకామె ఇరుక్కుని కూర్చున్నారు.

“ఎక్కడికమ్మా?”

“పెద్దాసుపత్రి దగ్గర.”

“ఎంతమంది?”

దమయంతి చేతిలోని పశువైద్యుడి కాగితం కేసి చూసింది. డ్రైవరు హారన్ కొట్టి మళ్ళీ అడిగాడు.

“ఒక మనిషి,” అంది.

“జరగండి, జరగండి,” అన్నాడతను వెనక్కి తిరిగి. “మనిషి ఎక్కుతాది.”

చేపలామె తన గంపను కాళ్ళకింద పెట్టుకుని చోటు ఇచ్చింది.